అయిదక్షరాలు, చివర వై

1991లో ఒక బుధవారం పొద్దున, రేపల్లెలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు జనార్దనరావు గారు పెట్టుకున్న పని ఒక్కటే. భార్య రాజరాజేశ్వరి నోటుపుస్తకాన్ని బీరువా మీదికి ఎక్కించి, ఇక దాని జోలికి వెళ్ళకుండా ఉండటం. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలలూ పుస్తకం బల్ల మీదే ఉంది, ఆయన బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

పుస్తకంలో ఉన్నది ఒక ఆట. బాపట్లలో ఏడో తరగతితో చదువాపి కాపురానికొచ్చిన భార్యకు ఇంగ్లీషు నేర్పుదామని ఆయనే మొదలుపెట్టారు. ఆదివారం సాయంత్రం ఒకరు ఒక ఇంగ్లీషు మాట రాస్తే రెండోవారు బదులు రాయాలి. సరిగ్గా అయిదక్షరాలుండాలి, చివరిది వై కావాలి, ఒకసారి రాసింది మళ్ళీ రాయకూడదు. మాట తోచనివారు ఓడినట్టు, ఓడినవారు కాఫీ పెట్టాలి. బడిలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మాస్టారే ఎక్కువసార్లు కాఫీ పెట్టారంటే నమ్మండి! చివరి మాట ఆవిడ రాసింది. బదులు రాయాల్సింది ఆయన. ఓటమి ఒప్పుకోవడం ఇష్టంలేక, ఆ రోజు నుంచి ఇంట్లో కాఫీయే మానేశారు.

ఆయన కుర్చీ ఎక్కి పుస్తకం పైన పెట్టబోతుండగా నిజాంపట్నం రేవు నుంచి యలమంద, వాడి భార్య పేరంటాలు వచ్చారు. వాళ్ళు కొత్త మరపడవ కట్టించుకున్నారు.

"మేస్టారూ, తెనాల్లో నంబర్లు చూసే ఆయన చెప్పాడండి. పడవకి ఇంగ్లీషు పేరే పెట్టాలంట. అయిదచ్చరాలుండాలంట, ఆఖర్న వై రావాలంట. అయ్యెక్కడ దొరుకుతాయో తెలవక తిరుగుతున్నామండి" అన్నాడు యలమంద.

మాస్టారికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. లోకంలో ఆ సరుకు ఉన్న ఇల్లు అదొక్కటే. పుస్తకం తెరిచే ధైర్యం లేక అలాగే వాళ్ళ చేతిలో పెట్టారు. "ఇందులో ఉన్నవన్నీ అవేనయ్యా. నచ్చింది చూసుకోండి" అని, కళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు.

ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. పేరంటాలు పేజీలన్నీ తిప్పి చిట్టచివరి మాట దగ్గర ఆగింది. "ఇది చూడయ్యా. ఇది దువ్వెన. ఇయ్యి కెరటాలు. ఇది జెండా. ఇది తెరచాప కొయ్య. ఆఖర్న చేప తోక! ఇంతకన్నా ఏం కావాలి?" అంది. యలమంద చీటీ మీద దాన్ని బొమ్మ గీసినట్టు గీసుకున్నాడు. పెరట్లోంచి వచ్చిన మాస్టారు, ఏ మాటో అడగకుండానే శుభమన్నారు.

పడవను నీళ్ళలోకి దించే రోజు మాస్టారిని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కొబ్బరికాయ కొట్టి గుడ్డ తీశారు. ఎర్రరంగుతో మూరెడేసి అక్షరాలు: ఎంప్టీ. మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు.

"పేరు... మారిస్తే బాగుంటుందేమో యలమందా."

"ఏంటండి, అర్థం బాలేదా?"

చెబితే ఈ క్షణంలోనే చెరిపేస్తారు. అది రాజరాజేశ్వరి చివరి మాట. చెప్పకపోతే నమ్మినవాణ్ణి మోసం చేసినట్టు. "అబ్బే, చాలా లోతైన అర్థం" అన్నారు మాస్టారు.

"లోతంటే సముద్రానికి తగిందేగా!" అని యలమంద పొంగిపోయాడు.

అబద్ధం అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! మొదటి రోజే ఎంప్టీ నిండా చేపలతో వచ్చింది. రెండో రోజూ అంతే. ఇంకేం, రేవు రేవంతా మాస్టారి గుమ్మంలో వాలింది. ఒక్కరికి ఇచ్చి మిగతావాళ్ళను కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. అందరూ అక్షరాల అందం చూసే ఏరుకున్నారు. వెంకయ్య అనే జాలరి, బొజ్జ ఉన్న డి నచ్చి, తన పడవను డర్టీ చేసుకున్నాడు. వాడి బావమరిది యాంగ్రీ అయ్యాడు. ఈ రెండూ వద్దని మాస్టారు మొత్తుకుంటే, మంచి మాటలు దాచుకుంటున్నారని అనుమానపడ్డారు. నెల తిరిగేసరికి ఎనిమీ కూడా నీళ్ళలోకి దిగింది.

అప్పుడు రేవు చూడటానికి ఒక ఆఫీసరు వచ్చాడు. వరసగా కట్టేసి ఉన్న పడవల పేర్లు చదివి, పొట్ట పట్టుకుని నవ్వి, ఒక్కొక్కదానికీ అర్థం విప్పి చెప్పి జీపెక్కి పోయాడు.

సాయంత్రానికి రేపల్లెలో మాస్టారి వాకిలి నిండిపోయింది. "పొద్దున్నే కడిగిన పడవండీ నాది!" అని వెంకయ్య లబోదిబోమన్నాడు. యలమంద చేతిలో తారు డబ్బా, కుంచె ఉన్నాయి. "నమ్మొచ్చినోళ్ళని ఇట్టా నవ్వులపాలు చేస్తారా మేస్టారూ?"

మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. "తప్పు నాదేనయ్యా. ఎంప్టీ అన్న మాట మా ఆవిడ రాసింది. గుంటూరు ఆసుపత్రిలో ఇక లాభం లేదని పంపించేసిన రోజున, ఈ ఇంటినంతా ఒకసారి చూసి రాసింది. తన తరవాత ఇల్లు ఎలా ఉంటుందో ముందే తెలిసినట్టుంది. మీకు చెబితే చెరిపేస్తారని భయపడ్డాను. పుస్తకంలో నేనొక్కణ్ణే చూసుకునే మాట, సముద్రం మీద వెళ్తుంటే... ఆవిడే వెళ్తున్నట్టుండేది." ఆ తరవాత అందరి ముందూ ఏడ్చేశారు.

పేరంటాలు మొగుడి చేతిలోని డబ్బా లాక్కుంది.

"ఊరుకోండి సారూ. పడవ ఖాళీగా పోకపోతే చేపలెక్కడెయ్యాలి? నిండుగా పోయిన పడవ మళ్ళీ నిండి వస్తదా? అమ్మగారు రాసింది సరైన మాటే. మా పేరు మేం చెరపం."

వెంకయ్య ముందుకొచ్చాడు. "మాది మాత్రం మార్చాలండి" అన్నాడు మెల్లగా. మాస్టారు కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచి, ఇన్ని నెలల తరవాత ఆవిడ దస్తూరీ చూసుకుంటూ, డర్టీకి, యాంగ్రీకి, ఎనిమీకి మంచి పేర్లు ఏరి ఇచ్చారు.

అందరూ వెళ్ళాక ఆయన చివరి పేజీ దగ్గర కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. పేరంటాలికి జవాబు తోచింది గానీ, ఆయనకు ఎంప్టీకి బదులు మాట ఒక్కటీ తోచలేదు. కలం మూసి, వంటింట్లోకి వెళ్ళి, పాలు కాచి, రెండు గ్లాసుల్లో కాఫీ కలిపి, రెండూ ఆయనే తాగారు.

కాఫీ ఏమీ బాగాలేదు, ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా అదే మాట చెబుతూ వచ్చింది.