మాజిద్ సగం కోర్టు

సౌదీలోని అల్ ఖర్జ్‌లో బ్యాడ్మింటన్ ఇకమీదట పరిశుద్ధం కాబోతున్నదని హెచ్ఆర్ మేనేజర్ విశ్వనాథం గారు ఒక గురువారం సాయంత్రం ప్రకటించారు. కంపెనీల మధ్య జరిగే డబుల్స్ కప్పుకు ఆయనే ఇంటెగ్రిటీ కమిషనర్. ఆ పదవి సృష్టించిందీ, అర్హుణ్ణి వెతికిందీ, బ్యాడ్జి తగిలించిందీ ఆయనే. దీన్ని ఆయన ప్రొఫెషనల్ లీగ్ అనేవారు. అంటే ఆటగాళ్ళు డ్యూటీ దిగాక ఊరికే ఆడతారు.

"ఫిక్సింగ్ అన్న మాట వినపడితే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తా!" అన్నారు. ఏసీ మెకానిక్ సదానందం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. సౌదీలో ఉండనిచ్చే అతని ఇకామా కార్డు గడువు నెలాఖరుకు ముగుస్తుంది. జగిత్యాల దగ్గర సొంతూళ్ళో ఇంటి స్లాబు సగంలో ఆగి ఉంది.

ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ చట్టం స్ఫూర్తితో కమిషనర్ ఇంకో నియమం పెట్టారు. ప్రతి జంటలో ఒక సౌదీ ఉండాలి. మిగతా కంపెనీలకు మనిషి ఉన్నాడు, విశ్వనాథం గారికి పేరు ఉంది. ఆ పేరు మాజిద్. రెండేళ్ళుగా ఆ పేరు రిజిస్టర్లో ఉండబట్టే కంపెనీ సర్కారు లెక్కలో ఎర్ర రంగులో పడకుండా పచ్చగా ఉంది, ఇకామాలు రెన్యూ అవుతున్నాయి. మాజిద్‌ను చూసినవాడు లేడు. ఆయన జీతం మాత్రం విశ్వనాథం గారు శ్రమ అనుకోకుండా నెలనెలా స్వయంగా అందజేస్తారు.

కాబట్టి మాజిద్‌కు జంటగా దిగిన సదానందం ఇద్దరి మీద ఒక్కడే ఆడాడు. విదేశీ పనివాళ్ళకు తలకింత కట్టే లెవీ భారమని మనుషుల్ని తగ్గించాక ముగ్గురి పని ఒక్కడే చేయడం అతనికి అలవాటే. మాజిద్ వంతు సర్వీసు ఎవరు చేయాలని అంపైర్ లాల్ అహ్మద్ అడిగితే, వకాలా మీద, అంటే అతని తరఫున, సదానందం చేయవచ్చని కమిషనర్ ముద్ర వేసి ఇచ్చారు. సదానందం ఫైనల్‌కు వెళ్ళాడు. అదే చిక్కయింది, కమిషనర్ పిలిపించారు.

"ఏవయ్యా సదానందం, ఫైనల్లో పాల డెయిరీ పర్చేజ్ మేనేజర్ ఆడుతున్నాడు తెలుసా? మన ఏసీల కాంట్రాక్టు ఆయన సంతకం మీదే ఉంది."

"అంటే ఓడిపొమ్మంటరా సార్?"

"ఛీ ఛీ! ఆ మాట కమిషనర్ ముందా అనేది? నీ ఇకామా ఇంకెన్ని రోజులు?"

"పదకొండు సార్."

"చూశావా, ఆట గురించి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు."

ఇంత సిగ్గులేని మనిషిని సదానందం పదేళ్ళ సౌదీలో చూడలేదు. అయినా స్లాబు గుర్తొచ్చి తలూపాడు. కావాలని షటిల్ నెట్‌లోకి కొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. తన సగంలోకి వచ్చినదాన్ని ఒక్కటీ వదల్లేదు, మాజిద్ సగంలోకి వచ్చినదాన్ని ఒక్కటీ ముట్టలేదు. షటిళ్ళు ఎడమవైపు వరసగా రాలాయి. డెయిరీ మేనేజర్ కప్పు ఎత్తుకున్నాడు, సోమవారం కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు.

"యే మ్యాచ్ ఫిక్స్ థా!" అని లాల్ అహ్మద్ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. దోషి ఎవరైనా వదిలేది లేదని కమిషనర్ గర్జించి, మంగళవారం విచారణకు కూర్చున్నారు.

"ఎడమవైపు ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు సార్."

"మాజిద్ సంతకం ఇదిగో. రిజిస్టర్ అబద్ధమాడుతుందా?"

సంతకం ఆకుపచ్చ సిరాతో ఉంది. ఆ ఆఫీసులో ఆకుపచ్చ పెన్ను ఒక్కటే ఉంది, అది కమిషనర్ గారి జేబులో ఉంది.

"అట్లయితె ఉన్నడు సార్. మరి ఎందుకు కొట్టలేదో ఆయన్నే అడుగున్రి."

కమిషనర్ అప్పటికప్పుడు తీర్పు రాసి చదివారు. మాజిద్ ఒక్క షటిల్ కూడా నెట్‌లోకి కొట్టలేదు, బయటికి కొట్టలేదు, అంపైర్‌తో వాదించలేదు. అంతటి నిష్కళంక క్రీడాకారుడికి ఇంటెగ్రిటీ మెడల్. పక్కన పార్ట్‌నర్ అవస్థ పడుతుంటే చూస్తూ నిలబడ్డ సదానందానికి ఫైనల్ ఎగ్జిట్. మెడల్‌ను మాజిద్ తరఫున విశ్వనాథం గారే తన మెడలో వేసుకుని ఫొటో దిగారు.

శనివారం పొద్దున సదానందం సూట్‌కేసుతో గేటు దగ్గరికి వచ్చాడు. అక్కడొక సౌదీ కుర్రాడు ఫోను పట్టుకుని వాచ్‌మన్‌తో గొడవపడుతున్నాడు. సదానందానికి పని నేర్పిన అరబ్బీ ఉంది కాబట్టి ఆగి సంగతి అడిగాడు. చదువయ్యి రెండేళ్ళయినా తనకు ఉద్యోగం దొరకలేదట. నిరుద్యోగ భృతికి అర్జీ పెడితే, నీకు ఉద్యోగం ఉంది కదా అని తిప్పి పంపారట. ఆ ఉద్యోగం ఈ కంపెనీలోనేనట. ఈ గేటు మొహం చూడటం ఇదే మొదటిసారి అన్నాడు.

"నీ పేరేంది?"

"మాజిద్."

బయట టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. సదానందం సూట్‌కేసు అక్కడే దించి, కుర్రాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, తట్టకుండానే హెచ్ఆర్ తలుపు తోశాడు.

"సార్, నా పార్ట్‌నర్ వచ్చిండు."