ధర్మవరంలో టిస్-సెంట్

ఫ్రాన్సు నుంచి ఒక వ్యాపారి పట్టుచీరలు చూడవస్తున్నారని తెలియగానే, ఫ్రెంచి క్రియాపదాలను విరిచి పలకడంలో నేతపనివారికి పది రోజుల శిక్షణ ఇవ్వాలని ధర్మవరంలో ఒక సంఘం తీర్మానించింది. సముచితమైన తీర్మానం. చీరలు ఎలాగూ బాగున్నాయి, క్రియలే వెనకబడి ఉన్నాయి.

హిందూపురం నుంచి సాయిప్రసాద్ గారిని శిక్షకుడిగా పిలిపించారు. ఆయన ఫ్రెంచి విన్నవారు లేరు కనుక తప్పుపట్టినవారూ లేరు. ‘వాళ్లు నేస్తారు’ అనే అర్థమిచ్చే క్రియను ఆయన బోర్డు మీద రాసి రెండు ముక్కలు చేశారు: టిస్, సెంట్.

“ప్రతి అక్షరాన్నీ గౌరవించాలి. రాసినవాడు పిచ్చివాడు కాదు” అన్నారు. చప్పట్లు మోగాయి.

నేతగాడు ఎర్రప్ప లేచాడు. “సెంటు అంటాండారు గదా సార్, ఇంటి స్థలమేనా? అర్జీ ఎవురికి ఇయ్యల్ల?”

మర్నాడు పెనుకొండ నుంచి రెండు ఆటోల జనం ఆధార్ జిరాక్సులతో దిగారు. ‘భాషాభిమానం వెల్లువెత్తినది’ అని హాజరు పుస్తకంలో నేనే నమోదు చేశాను.

చిక్కు తెచ్చింది యశోద ఒక్కతే. ఆమె నేసిన మూడు చీరలు ఆర్నెల్లుగా అమ్ముడుపోలేదు. శిక్షణ చివర పెట్టే పరీక్షలో మొదట వచ్చినవారే వ్యాపారితో మాట్లాడాలన్నది నిబంధన. అందుకని మగ్గం మీద కూర్చుని ఫోనులో ఫ్రెంచి ఆడవాళ్ల మాటలు వింటూ వచ్చింది.

“సార్, ఆయమ్మలు ‘తిస్’ అని ఆపేస్తాండారు. సెంట్ యాడా వినపడల్యా.”

“పాపం, చదువుకోనివాళ్లు అయ్యుంటారు” అన్నారు సాయిప్రసాద్ గారు దయగా.

పరీక్షలో యశోదకు సున్నా వచ్చింది. కారణం: అక్షరములు మింగుట. పక్కవీధికి వినిపించేలా సెంట్ అన్న ఎర్రప్ప ప్రథముడయ్యాడు.

వ్యాపారి వచ్చారు, కమిల్ గారనే ఆవిడ. ఎర్రప్ప శాలువాతో ముందుకొచ్చి, మగ్గాల మీది ఆడవాళ్లను చూపించి, వీళ్లు నేస్తారని చెప్పబోయి “ఎల్లెస్ టిస్-సెంట్” అన్నాడు. ఆమె సంచిలోంచి సెంటు సీసా తీసి అతని చేతిలో పెట్టారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ యశోద ఒక అడుగు ముందుకేసింది. అదే మాటను ఫోనులో విన్నట్టు అంది. “ఎల్ తిస్.”

కమిల్ గారి ముఖం వెలిగింది. యశోదను పక్కన కూర్చోబెట్టుకుని గడగడా మాట్లాడారు. యశోదకు వచ్చిన ఫ్రెంచి ఆ రెండు మాటలే కాబట్టి తలాడిస్తూ చీరలు పరిచింది. మూడూ అమ్ముడయ్యాయి. ఇంకో పదికి ఆర్డరు వచ్చింది.

సంఘం అత్యవసరంగా సమావేశమై, కమిల్ గారి ఉచ్చారణ పట్ల విచారం వెలిబుచ్చి, ఆమెకు ఉచిత శిక్షణ ఇవ్వాలని తీర్మానించింది.

యశోద మాత్రం ఆ వారమే కూతురు మమతను సాయిప్రసాద్ గారి క్లాసులో చేర్పించింది. ఎందుకమ్మా అని అడిగాను.

“నాకు మాటొచ్చింది గానీ సర్టిఫికెట్టు రాల్యా గదప్పా. రేపు పిల్లను అడిగేది దాన్నే గదా.”

అడిగేవాళ్లం మనమే కనుక, మమత పేరు హాజరు పుస్తకంలో రాసుకున్నాను.