జీవరాజు అల్లుడి లేసు

ఆ శనివారం పొద్దున విజయ్ పాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగి, గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని, లేసు గుడ్డ అంచుకు మిగిలిన మూడు వరుసలు అల్లేసి, సాయంత్రానికి భార్య దీవెన చేతిలో పెట్టాలి. మర్నాడు కోత పండుగ. ఆ గుడ్డ బోధన్‌లో వాళ్ల చర్చి బలిపీఠం మీద పరచాలి. మూడు వరుసలకు ఆరు గంటలు చాలు. ఎవరూ తలుపు తట్టకపోతే చాలు.

విజయ్ పాల్ బహ్రెయిన్‌లో ఎత్తైన బిల్డింగులకు పరంజాలు కట్టే మనిషి, ఇప్పుడు సెలవు మీద ఊరికొచ్చాడు. మూడేళ్ల క్రితం పైనుంచి పడి కాలు విరిగింది. కట్టుతో ఆరు వారాలు క్యాంపులో మంచం మీదే ఉంటే, పక్క మంచం నేపాలీ ఈ మనిషి మూలుగు వినలేక ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ చేతిలో పెట్టి లేసు అల్లడం నేర్పాడు. కాలు మళ్లీ నేల మీద నిలిస్తే తన చేత్తో అల్లిన గుడ్డ బలిపీఠానికి ఇస్తానని విజయ్ పాల్ అప్పుడే దేవునికి మాటిచ్చాడు. కాలు నిలిచింది, చెయ్యి మాత్రం ఆగలేదు. శుక్రవారం సెలవు వస్తే చాలు, అల్లుడే అల్లుడు. టీవీకి ముసుగు, ఫ్రిజ్‌కు ముసుగు, చివరికి నీళ్ల బిందె మీది మూతకూ ముసుగు బోధన్ చేరాయి.

అవన్నీ తానే అల్లానని దీవెన వీధంతా చెప్పుకుంది. చెప్పమన్నది విజయ్ పాలే. కారణం మామ జీవరాజు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బస్తాల పని చేసి దిగిపోయాడు, ఇప్పుడు సంఘ పెద్ద. పెళ్లి చూపులనాడు పిల్లవాడి మొహం కూడా చూడకుండా అరచేతులు తిప్పి చూసి, "కాయలున్నయ్. మగోని చేతులే. పిల్లనిస్త" అన్న మనిషి. ఆ చేతులతో పూలూ ఆకులూ అల్లుతున్నానని ఆయనకు చెప్పేటంత ధైర్యం ఎన్ని అంతస్తుల మీద నిలబడ్డా విజయ్ పాల్‌కు రాలేదు.

తొమ్మిది గంటలకు పక్కింటి రుక్మాబాయి పెరుగు తోడుకని వచ్చింది. వచ్చినావిడ తోడు తీసుకుని పోతే ఈ కథే లేదు. గది కిటికీ సందులోంచి లోపలికి చూసింది. మంచం మీద మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి, కుడి చెయ్యి టకటకా ఆడుతోంది. కుట్లు లెక్కబెడుతున్నాడని పాపం ఆమెకేం తెలుసు? ఒళ్లోని గుడ్డ ఆ సందులోంచి కనబడలేదు.

"అగ్గబాయి! దీవెనా, మీ ఆయన తన్ల తానే మాట్లాడుకుంటుండు. చెయ్యి వణుకుతున్నది. ఏమైందే?"

"ఏం లేదత్తా. జెరమొచ్చింది, గంతే" అంది దీవెన నోటికొచ్చినట్టు.

"గల్ఫ్ జెరమా! గది మామూలు జెరం గాదే!" అంటూ రుక్మాబాయి గిన్నె అక్కడే వదిలి బయటికి నడిచింది.

జ్వరం వీధి కుళాయి దగ్గరికి చేరేసరికి మెదడుకెక్కింది. కిరాణా కొట్టు చేరేసరికి మనిషి ఎవర్నీ గుర్తుపట్టడం లేదు. ఇక వాళ్ల సంఘంలో ఒక మంచి అలవాటుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే, ఆ సంగతి రోగికి తెలిసేలోపే పదిమంది పాటల పుస్తకాలతో ఇంటి ముందుంటారు. ఈసారి ముందు జీవరాజు, ఆయన వెనక స్త్రీల సమాజం అధ్యక్షురాలు లిడియా, ఇంకో ఎనిమిది మంది. ఊళ్లో సూదిమందు వేసే నరేందర్‌ను కూడా బండితో సహా వెంట తెచ్చారు.

దీవెన పరుగున వెళ్లి తలుపు తట్టింది. "ఇగో, బాపు వస్తుండు, సంఘమంత వస్తున్నది. నీకు జెరం. పండుకో!"

"నాకెందుకే జెరం?"

"నేను జెప్పిన గన్క! జల్ది!"

విజయ్ పాల్ గుడ్డను పొట్ట మీద పరుచుకుని, పైన చెద్దరు గడ్డం దాకా లాక్కున్నాడు. ఆ హడావిడిలో కొక్కెం ఉచ్చులోంచి జారిపోయింది. దారపు ఉండ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

మూసిన గదిలో పదిమంది, మందపాటి చెద్దరు, పైగా ఎదురుగా మామ. చెమట ధారగా కారింది. నరేందర్ నుదురు ముట్టుకుని, "ఒళ్లు కాలుతున్నది" అని తేల్చాడు.

"జెర గట్టి సూదే ఇయ్యుండ్రి, డాక్టర్ సాబ్" అన్నాడు జీవరాజు.

"దీవెనా, బలిపీఠం గుడ్డ ఏడిదాక వచ్చింది?" అంది లిడియా. "తీసుకరా. రెండు కుట్లు నా ముందల అల్లు, సూసి పోత."

"ఆయనకు గిట్లున్నంక నాకు చేతులాడ్తలేవక్కా" అంది దీవెన. ఆమె చేతులు నిజంగానే ఆడటం లేదు. ఎన్నడాడాయి గనక?

చెద్దరు జానెడు ఎత్తితే గుట్టు రట్టవుతుంది. అందుకని విజయ్ పాల్ బెత్తెడే జరిపి, పక్కకు తిరిగి, లేని జ్వరానికి ఉన్న సూదిని పళ్లు బిగబట్టి వేయించుకున్నాడు. నిజానికి అందులో ఉన్నది బలానికిచ్చే మందే. నరేందర్ కిందికి వంగి సామాను సర్దుకుంటూ, మంచం కింద తెల్లగా కనిపించిన ఉండను తన దూది అనుకుని సంచిలో వేసుకున్నాడు. జిప్పు లాగాడు. జిప్పు దారాన్ని గట్టిగా కరుచుకుంది. సంఘం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా ఆయన బయటికి వెళ్లి బండి స్టార్ట్ చేశాడు.

విజయ్ పాల్ పొట్ట మీద గుడ్డ మెల్లగా కదిలింది. బల్లి అనుకున్నాడు. తర్వాత టిక్కు టిక్కుమని కుట్లు ఊడుతున్న స్పర్శ తెలిసింది. తల ఎత్తి చూస్తే, తెల్లటి దారం ప్రార్థించేవాళ్ల మోకాళ్ల మధ్య నుంచి గుమ్మం దాటి పోతోంది. ఒక వరుస పోయింది. ఒక్కో వరుస బహ్రెయిన్‌లో ఒక్కో శుక్రవారం మిగుల్చుకున్న తీరిక. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. రెండో వరుస మొదలవగానే మామ, సంఘం, సిగ్గు అన్నీ మరిచిపోయాడు.

"ఆపుండ్రి! బండి ఆపుండ్రి!"

చెద్దరు చుట్టుకుని, గుడ్డను గుండెలకు హత్తుకుని, పదిమందిని దాటి వీధిలో పడ్డాడు. నరేందర్ అద్దంలో చూశాడు. మెదడుకు జ్వరమెక్కిన మనిషి కేకలు పెడుతూ తన మీదికే వస్తున్నాడు. ఇక ఆపుతాడా? ఇంకాస్త స్పీడు పెంచాడు. మూడు, నాలుగు, ఐదు వరుసలు శక్కర్‌నగర్ రోడ్డు మీద పరుచుకున్నాయి. చివరికి చెరకు ట్రాక్టర్ ఒకటి అడ్డం తిరిగి పుణ్యం కట్టుకుంది.

"నా దారం ఇయ్యి!" అన్నాడు విజయ్ పాల్ రొప్పుతూ.

"ఇస్త, అన్ని ఇస్త, సంచి గూడ ఉంచుకో" అన్నాడు నరేందర్.

తిరిగొచ్చేసరికి దారం వీధిలోని గేట్లకు, సైకిళ్లకు, ఒక మేకకు చుట్టుకుని ఉంది. మధ్యలో జీవరాజు చేతినిండా చిక్కుతో నిలబడ్డాడు.

"అల్లుడా, గిది అల్లేది ఎవలు?"

"నేనే మామ. కాలు విరిగినప్పుడు దేవునికి మాటిచ్చిన. రేపు పొద్దుగాల్లకు గుడ్డ బలిపీఠం మీదుండాలె. నువ్వు ఏమన్న అను, రేపన్నంక అను. గిప్పుడు నాకు టైమ్ లేదు."

జీవరాజు అల్లుడి కుడి చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. చూపుడు వేలి పక్కన కొక్కెం ఒరుసుకుని చిన్న కాయ కాసి ఉంది. దాన్ని బొటనవేలితో తడిమాడు.

"నాది గూడ గిక్కడ్నే" అని మెల్లగా తన వేలు చూపించాడు. "బస్తాలు మోసిన్నని మీరనుకున్నరు, నేను కాదనలే. ముప్పై ఏండ్లు చక్కెర బస్తాల మూతులు కుట్టిన. నడువు, చిక్కు నేను తీస్త."

మధ్యాహ్నం నుంచి మామ చిక్కు తీసి ఉండ చుట్టాడు, అల్లుడు అల్లాడు, లిడియా నోరెళ్లబెట్టి చూసింది. కోడి కూసే వేళకు మూడు వైపులే పూర్తయ్యాయి, రోడ్డు మీద తెగిపోయింది పోగా మిగిలిన దారం అయిపోయింది. జీవరాజు ఇంటికి పోయి, పెట్టె అడుగు నుంచి దబ్బనం తెచ్చి, నాలుగో వైపును గోనె సంచి మూతి కుట్టినట్టు కుట్టేశాడు.

ఆదివారం గుడ్డ బలిపీఠం మీదికెక్కింది. దీవెన లేచి, అల్లింది తాను కాదని సంఘం ముందు ఒప్పుకుంది. విజయ్ పాల్ మోకాళ్ల మీదుండి కళ్లు తుడుచుకున్నాడు. లిడియా మాత్రం నాలుగో అంచునే ముట్టుకుని ముట్టుకుని చూసి, "గీ బహ్రెయిన్ డిజైన్ మాకు గూడ నేర్పాలె" అంది. జీవరాజు గొంతు సవరించుకున్నాడు.

ఇక సోమవారం పొద్దున నరేందర్ గది ముందు మోకాళ్ల నొప్పులవాళ్లు పదకొండు మంది, రుక్మాబాయిని ముందు పెట్టుకుని, విజయ్ పాల్‌ను శక్కర్‌నగర్ దాకా ఉరికించిన ఆ సూదే తమకూ కావాలని కూర్చున్నారు.