తోకున్న గుడ్డెలుగు

లక్ష్మీరాజానికి నోరు తిరగని మాట ఒకటుంది. సిరిసిల్లలో సాంచెల మధ్య, అంటే మరమగ్గాల మోత మధ్య పెరిగిన గొంతు ఆయనది. గుసగుసలాడినా వాడ చివరిదాకా వినపడుతుంది. శ్లోకాలు పలుకుతాడు, బామ్మర్ది చెప్పే మస్కట్ షేకుల పేర్లు గడగడా పలుకుతాడు. "తప్పైంది" అనే మూడక్షరాల దగ్గర మాత్రం నాలుక మడతపడుతుంది.

ఒకసారి నిర్మల్‌లో పెళ్లికని బయలుదేరి భార్య అనసూర్యను మందమర్రి బస్సెక్కించాడు. దిగాకైనా ఒప్పుకున్నాడా? "బొగ్గుబాయిలు నీకు సూపెడుదామనే తోలుకొచ్చిన" అన్నాడు. అనసూర్య పట్టుచీర కట్టుకుని, బొగ్గు లారీలను చూసి వచ్చింది.

అలాంటి మనిషికి ఈ ఎండాకాలం టీవీలో మానవ పరిణామం మీద కార్యక్రమం కనబడింది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

"కోతికి మనిషికి ఫరక్ ఏందో చెప్పు సూద్దాం?" అన్నాడు పొద్దున్నే.

"కోతి తిని పోతది. మనిషి తిన్నంక ఉప్పు తక్కువైందంటడు."

"గది కాదే. బట్ట! భూమ్మీద బట్ట కట్టేది మనిషొక్కడే. గా బట్ట నేసెటోళ్లెవరు? మనమే. అంటే కోతిని మనిషిని చేసింది మనోళ్లే."

"గంత పని చేస్తే మరి కూలెందుకు పెరగలే?"

లక్ష్మీరాజం టీవీ శబ్దం పెంచాడు.

అనసూర్య బాధ వేరు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడు రంజిత్ రేపు తిరిగి వెళ్తున్నాడు. వాడు అక్కను చీర అడగడు, సారె అడగడు, వడియాలు అడుగుతాడు. మొన్న పెట్టినవన్నీ కోతులు తినిపోయాయి. నిన్న మళ్లీ పెట్టింది. ఇవ్వాళ ఒక్క ఎండ తగిలితే చాలు. ఇవీ పోతే తమ్ముడు ఉత్త పెట్టెతోనే విమానమెక్కుతాడు.

"కట్టె పట్టుకొని డాబా మీద నీడకు కూసో. గంతే పని," అంది.

"కట్టె చింపాంజీ గూడ పడ్తది. టీవీల సూపెట్టిండ్రు. మనిషికి మెదడున్నది కట్టె పట్టనీకా?"

మక్కచేన్లలో రైతులు గుడ్డెలుగు, అంటే ఎలుగుబంటి వేషం వేయించి కోతులను తరుముతున్నారని ఆయన ఎక్కడో విన్నాడు. నల్ల లంగా గుడ్డ తెచ్చి, సాంచెల షెడ్డులో ఊడ్చిన దారపు పోగులన్నీ దానికి అంటించి, తానే కుట్టాడు. కుట్టు పూర్తయ్యేసరికి వెనకాల బారెడు తోక వేలాడుతోంది.

"ఎలుగుకు గింత తోకెక్కడిదయ్యా?"

"గుడ్డ మిగిలింది. పారేస్తమా?"

కళ్లకు రెండు రంధ్రాలు పెట్టాడు. నోటికి మరిచాడు. లుంగీ, బనీను విప్పి పిట్టగోడ మీద పడేసి, నిక్కరుతో వేషంలో దూరాడు. నడుము నుంచి నడినెత్తి దాకా వెనకవైపున్న జిప్పును అనసూర్యే లాగింది. లోపలున్న మనిషికి ఆ జిప్పు అందదని లాగుతుండగానే ఆమెకు తెలిసింది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. వెళ్లి మెట్ల గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు ఒళ్లో వేసుకుంది.

కాసేపటికి కోతుల గుంపు నీళ్ల ట్యాంకు మీదికి దిగింది. ఎలుగు రెండు చేతులెత్తి ఒక్క గంతేసింది. కోతులు కిచకిచమంటూ పక్క డాబా మీదికి దూకాయి. ఎలుగు అనసూర్య వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడ్డ తీరు చూస్తే లోపలున్నదెవరో వేరే చెప్పాల్సిన పనిలేదు.

కానీ నెత్తిన ఉన్నది ఏ సూర్యుడు? మే నెల సూర్యుడు. కాళ్లు కాలి ఎలుగు కాసేపు అటు గెంతింది, కాసేపు ఇటు గెంతింది. చివరికి ట్యాంకు నీడలో కూలబడి, పక్కనున్న చాట తీసుకుని విసురుకోసాగింది.

చాటతో విసురుకునే ఎలుగును ఆ కోతుల తాతముత్తాతలు కూడా చూసి ఉండరు. గుంపులోని గండుకోతి మెల్లగా దగ్గరికొచ్చింది. తోక పట్టుకుని లాగింది. మళ్లీ లాగింది. ఇక భయమేముంది? పిట్టగోడ మీది లుంగీ అందుకుని, ఒంటికి చుట్టుకుని, ట్యాంకెక్కి కూచుంది. మిగతావి వడియాల మీదికి కదిలాయి.

 అనసూర్య ఒళ్లోని చిక్కుడుకాయలు పారబోసుకుంటూ లేచింది.

అంతలో పక్క డాబా మీద బట్టలారేయడానికొచ్చిన దేవవ్వ కెవ్వుమంది.

"ఓ అవ్వో! గుడ్డెలుగు! లక్ష్మీరాజం లుంగీ కోతి కట్టుకున్నది, మనిషేమో లేడు! మింగింది రో, నిండు మనిషిని మింగింది!"

ఎలుగు కంగారుగా చేతులూపుతూ ఏదో చెప్పింది. నోరు లేని ముసుగులోంచి "మ్మ్మ్మ్" అని మాత్రమే వచ్చింది. దేవవ్వ ఇంకా గట్టిగా అరిచింది.

వాడలో సాంచెలన్నీ బంద్ అయ్యాయి. జనం కట్టెలతో డాబా మీదికి ఉరికారు. అందరికంటే ముందు, వడియాల కోసం అప్పుడే వచ్చిన రంజిత్.

"అక్కా, బావేడి?"

"గాడనే ఉన్నడు. జర ఆగు, కొట్టకు!"

కట్టెలు చూడగానే కోతులు పరారయ్యాయి. లుంగీ కూడా వాటితోనే పోయింది. అంచున ఉన్న నాలుగు తప్ప వడియాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఇన్ని కట్టెలు ఎందుకు, పొద్దున్నే ఒక్కటి సరిపోయేది కదా అనుకుంది అనసూర్య.

ఇప్పుడు కట్టెలన్నీ ఎలుగు వైపు తిరిగాయి. అది పరుగున వచ్చి అనసూర్య ముందు వీపు పెట్టి, చేతులు వెనక్కి విరిచి, జిప్పు కోసం తడుముకోసాగింది. అందలేదు.

"జిప్పు ఇప్పుత తియ్యి, ఫికర్ చెయ్యకు," అంది అనసూర్య తాపీగా. "గని ఒక్క ముచ్చట చెప్పు. బట్ట కోతి గూడ కట్టింది, అది నీ లుంగీనే. కట్టేమో చింపాంజీ పడ్తదంటివి. మరి ఏ కోతీ చెయ్యలేనిది, మనిషే చేసేది ఏమున్నది?"

ఎలుగు తల వంచుకుని ఆలోచించింది. లోపల ఏదో గొణిగింది.

"ఇనొస్తలేదు."

"మ్మ్మ్."

జాలిపడి జిప్పును మెడదాకా దింపింది. ఉడికించిన ఆలుగడ్డలా ముఖం బయటికొచ్చింది.

"నీ పాడుగాను, లక్ష్మీరాజమా!" అంది దేవవ్వ. రంజిత్ చేతిలోని కట్టె జారిపడింది.

"గిట్లయితదని నాకు ముందుగాలనే తెలిసి..." అని అలవాటుగా మొదలెట్టాడు లక్ష్మీరాజం.

అనసూర్య చెయ్యి మళ్లీ జిప్పు మీద పడింది.

"తప్పైంది," అన్నాడు.

సాంచెలన్నీ ఆగి ఉండడంతో ఆ మాట వాడ చివరింటిదాకా వినబడింది.

"నాదే తప్పు, అనసూర్యా. గా కట్టె ఇటియ్యి. వడియాలు ఎండేదాక నేనే కూసుంట. జర ముందుగాల ఓ లుంగీ తే."