నూట రెండు సెంటీస్టోకులు

కందెన నూనెల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళుగా శాంపిల్ సీసాలు నింపుతున్న అసిరినాయుడు ఒక మంగళవారం మధ్యాహ్నం, రెండో షిఫ్టు మొదలైన పావుగంటకి నూనెగా మారిపోయాడు. కాలవలోకి జారిపోకుండా ఫోర్‌మన్ ఇసుక బస్తాలు అడ్డం వేయించాడు. మొత్తం డెబ్బై లీటర్లు వచ్చాడు. పీపాలో పోసి, పైన పదిహేడు అని రాసి, నీడన పెట్టి, భార్య నీలవేణికి ఫోన్ చేశారు.

నీలవేణి ఆటోలో వచ్చింది. పీపా మీద చెయ్యి వేస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. అక్కడే కూలబడి ఏడ్చింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంటికి అట్టుకెల్లిపోతాను బాబూ" అంది.

ఫోర్‌మన్ మంచివాడే. "తీసుకెళ్ళమ్మా, మేమేం చేసుకుంటాం? అప్పగింతల ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకో, చాలు" అని ల్యాబు రిపోర్టు చేతిలో పెట్టాడు. అందులో ఒకటే వాక్యం ఉంది. వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర చిక్కదనం 465 సేబోల్ట్ సెకన్లు. అరవై మిల్లీలీటర్ల అసిరినాయుడు పరికరం అడుగునున్న సన్నటి రంధ్రంలోంచి కిందికి దిగడానికి అంతసేపు పట్టిందన్నమాట.

అప్పగింతల ఆఫీసులో నీలవేణి ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన తమ్ముడు ఎంగ్లర్ డిగ్రీలనే పాత కొలతలో ఉండిపోయాడట. ఈయన మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. ఆయన్ని పంపించేశాక గుమాస్తా త్రినాథరావు నీలవేణి రిపోర్టు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మీ ఆయన సెకన్లలో ఉన్నాడమ్మా. మేం సెంటీస్టోకుల్లో ఉన్నవాళ్ళనే ఇస్తాం."

"ఎందల ఉంటే ఏటి బాబూ? మనిషి మనిషే కదా."

"సెకన్లంటే కాలం కదమ్మా. కాలం మా సెక్షన్ కాదు."

అతని గొంతులో విసుగు లేదు. ఏ ఫారం నింపాలో, దాని మీద ఎవరు సంతకం పెట్టాలో ఓపిగ్గా చెప్పాడు.

ఇంటర్ చదువుతున్న కూతురు కుసుమ ఆ సాయంత్రం నోట్‌బుక్కు ముందేసుకు కూర్చుంది. సెంటీస్టోకులు రావాలంటే, వంద దాటిన సేబోల్ట్ సెకన్లని సున్నా పాయింట్ రెండు రెండుతో హెచ్చవేయాలి. వచ్చినదాంట్లోంచి, నూట ముప్ఫై అయిదుని అవే సెకన్లతో భాగించి తీసెయ్యాలి. రెండుసార్లు చేసింది. రెండుసార్లూ నూట రెండే వచ్చింది.

"నాన్న నూట రెండమ్మా" అంది.

"ఎక్కువా, తక్కువా?"

"తేనె కన్నా పల్చన."

నీలవేణికి ఎందుకో కొంచెం గర్వంగా అనిపించింది.

గవర్నమెంటు కాలేజీ లెక్చరరు లెక్క చూడకుండానే సంతకం పెట్టాడు. కానీ ఆఫీసులో ఇంకో చిక్కు వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళు కొలిచిన వేడి సెంటీగ్రేడులో ముప్ఫై ఏడు పాయింట్ ఎనిమిది. ఆఫీసుకి కావలసింది నలభై. వేడెక్కితే నూనె పల్చబడుతుంది కాబట్టి, ఆ రెండు చిల్లర డిగ్రీల్లో భర్త మారడని భార్య ప్రమాణ పత్రం ఇవ్వాలి. స్టాంపు కాగితం మీద నీలవేణి చెప్పింది చెప్పినట్టు రాయించింది: "ఎండాకాలంలో కూడా ఆయన అలాగే ఉండేవారు. కోపమొస్తే మాత్రం అన్నం తినేవారు కాదు."

త్రినాథరావు అది చదివి తల ఊపి రిజిస్టరు తెరిచాడు. అందులో అరవై ఎనిమిది, వంద, నూట యాభై అని గళ్ళు ఉన్నాయి. నూట రెండుకి గడి లేదు. వందలో రాసి కాగితం ఇచ్చాడు. మిగిలిన రెండూ ఏమయ్యాయని ఆమె అడగలేదు. ఇరవై మూడు రోజులు తిరిగాక చేతికొచ్చిన కాగితం అది.

ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి పదిహేడో పీపా ఖాళీగా ఉంది. ఫోర్‌మన్ తల దించుకున్నాడు.

"చోటు చాల్లేదమ్మా. వంద గ్రేడు వాళ్ళు మీ ఆయనతో కలిపి ముగ్గురున్నారు. ఒకే ట్యాంకులో పోసేశాం. కలిపాక మళ్ళీ పరీక్ష చేశాం. వందే వచ్చింది. ఏమీ తేడా లేదు."

"మరి మా ఆయనెవరు బాబూ ఇందల?"

"నంబరు మీ ఆయనదేనమ్మా, అదే వంద. లీటర్లు కూడా సరిగ్గా డెబ్బై కొలిచి ఇస్తాం."

మూడు పెద్ద క్యాన్లని ఆటోలో ఇంటికి తెచ్చుకుంది. మంచం పక్కన గోడ వారగా పెట్టి, ఒకదాని మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆయన వాసనే. గుండె ఒక్కసారిగా నిండింది. తర్వాత గుర్తొచ్చింది, మిగతా ఇద్దరిదీ అదే షిఫ్టు, అదే వాసన. మూత బిగించి, వంటకి లేచింది. మర్నాటి నుంచి ముగ్గురికీ కలిపి "మీరు" అనడం అలవాటు చేసుకుంది.

రెండు నెలలకి నీలవేణి పేర కారుణ్య నియామకం ఉత్తర్వు వచ్చింది. భర్త ఉద్యోగమే, అవే సీసాలు. కుసుమ వెళ్ళొద్దంది. "నువ్వు సదువుకోవాల కదే" అంది నీలవేణి.

చేరిన రోజు ఫారం నింపుతుంటే చివర్లో చిక్కదనం రాసే "స్నిగ్ధత" గడి ఖాళీగా కనిపించింది.

"అది అప్పుడే అక్కర్లేదమ్మా. సమయం వచ్చినప్పుడు ల్యాబువాళ్ళు రాస్తారు" అన్నాడు ఫోర్‌మన్.

"అప్పుడు రాసీడానికి నానుండను కదా బాబూ" అంది నీలవేణి. కలం అడిగి తీసుకుంది. నలభై డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర వంద సెంటీస్టోకులు అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టింది.

"ముందే ఎందుకమ్మా?"

"పిల్లకి తిరుగుడు తప్పుతాది."

ఫోర్‌మన్ ఆ ఆలోచన మెచ్చుకున్నాడు. మిగతా పనివాళ్ళ ఫారాలు కూడా తెప్పించమని గుమాస్తాతో చెప్పాడు.