మధ్యాహ్నపు వేడి

ఆ ఉదయం సొలెన్ అనుకున్నది చిన్న పనే. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో, విమానాలు బాగుచేసే షెడ్డులో ఉన్న విమానాన్ని సాయంత్రం లోపల ఎగరనివ్వాలి. మధ్యాహ్నం విమాన సంస్థ డైరెక్టర్ మదామ్ రుకెత్ వస్తే తన ప్రోగ్రాం చూపించాలి. సంస్థ విమానాలన్నీ పంపే వేడి, కరెంటు, గాలి ఒత్తిడి కొలతలను ఒకదానితో ఒకటి పోల్చి, ఏది చెడబోతోందో ముందే చెప్పే ప్రోగ్రాం అది. ఏడాదిగా ఒక్క నిజమైన లోపాన్నీ పట్టలేదు. ఈ రోజూ పట్టకపోతే దాన్ని మూసేసి, సొలెన్‌ను పోయిన పెట్టెల ఫిర్యాదులు వినే గదికి పంపుతారు.

పన్నెండు దాటగానే తెర మీద ఎర్రగుర్తు వచ్చింది. షెడ్డులోని విమానంలో వెనకవైపు వంటగది ఉండాల్సినదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతోంది. సొలెన్ ప్రయాణం ఆపించింది.

పెద్ద మెకానిక్ కజాల్స్ ఫోన్‌లో గొణిగాడు. భోజనం వేళ పని చెప్పడం ఆ ఊళ్లో తిట్టడంతో సమానం. అయినా, లోపలున్న ఇద్దరికి తోడు మరో నలుగురిని ఎక్కించాడు. కరెంటు ఇంకా పెరిగింది. వైర్లు మార్చమంది. వంటగది గోడలోవి మార్చారు. మరింత పెరిగింది. కజాల్స్ ఎలక్ట్రీషియన్లను తీసుకుని తానే ఎక్కాడు. కరెంటు చూపే గీత తెర పైఅంచు తాకింది. సొలెన్ అగ్నిమాపక బండిని పిలిచింది. వాళ్లూ ఎక్కారు. ఎక్కినవాళ్లెవరూ దిగలేదు.

మదామ్ రుకెత్ అప్పుడే వచ్చింది. ఇద్దరూ షెడ్డుకు వెళ్లి విమానం మెట్లెక్కేసరికి బాతు మాంసం, చిక్కుడు గింజలు ఉడికిన వాసన ఎదురొచ్చింది. వెనక వరసల్లో అందరూ ఒళ్లో రొట్టె పెట్టుకుని కూర్చున్నారు. ఓవెన్ నిండా గిన్నెలు.

కజాల్స్ మీసాలు తుడుచుకుంటూ, క్యాంటీన్‌కు పోయే తీరిక ఎవరిచ్చారని ఎదురడిగాడు.

"ఇంత హడావిడి చేసి నీ ప్రోగ్రాం కనిపెట్టింది ఇదా అమ్మాయ్? మావాళ్లకు ఆకలేస్తుందని?" అంది మదామ్ రుకెత్.

అందరూ నవ్వారు. సొలెన్‌కు చెవులు కాలాయి. వెనక్కి తిరగబోయి ఆగింది. రోజూ ఇలాగే వేడిచేసుకుంటారా అని కజాల్స్‌ను అడిగింది.

"షెడ్డుకొచ్చిన ప్రతి విమానంలోనూ, మేం ఉద్యోగంలో చేరినప్పటినుంచీ. పైవాళ్లతో అనకు," అని, పక్కన ఉన్నదెవరో గుర్తొచ్చి రొట్టె కొరికాడు.

"అయితే ప్రోగ్రాంకు మీ వంట అలవాటే. మిగతా విమానాల్లో ఇద్దరు వేడిచేసుకుంటే ఏ గుర్తూ రాలేదు. ఇక్కడ ఇద్దరున్నప్పుడే వచ్చింది. ఆ ఓవెన్ బయటికి లాగండి."

"లోపల బాతుందమ్మా."

"బాతుతో సహా లాగండి."

గిన్నెలున్నాయని అంతవరకూ ఎవరూ దాన్ని కదిలించలేదు. లాగి చూస్తే దాని వెనక వైరు తొడుగు బొగ్గై ఉంది. కజాల్స్ వేలు పెడితే పొడిగా రాలింది. కాలిన వాసనను బాతు కప్పేసింది. ఇది గాల్లో అంటుకుని ఉంటే అన్నారెవరో. అగ్నిమాపక నాయకుడు చెంచా కింద పెట్టాడు.

ప్రోగ్రాం నిలబడింది, సొలెన్ కుర్చీ కూడా. విమానాల్లో ఇకమీదట ఎవరూ భోజనం వేడిచేయకూడదని మదామ్ రుకెత్ ఆ సాయంత్రమే ఆజ్ఞ వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ ఓవెన్ జోలికి పోలేదు. షెడ్డులోని విమానాలన్నిటికీ ఏదో అయిందని ప్రోగ్రాం ఎర్రగుర్తు పెట్టింది.