గోనెతో సహా

ఈ జన్మలో నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్లు ఇద్దరే. ఒకరు పెళ్లిలో మా అత్తవారు, రెండోవారు గంజాయి పట్టుకున్న పోలీసులు. అత్తవారు మూడో రోజుకే కుర్చీ తీసేశారు. పోలీసులు నాలుగేళ్లుగా వేస్తూనే ఉన్నారు. అందుచేత గంజాయి చట్టంలో ఒక్క అక్షరం కదుపుతామన్నా నేను ఒప్పుకోను!

ముందు నేనెవరినో చెప్పుకోవాలి కదా. నా పేరు నగరేశ్వరరావు. కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు. పక్కనే చిన్న గోడౌను. అందులో ధాన్యం, పెసలు, చింతపండు కొని అమ్ముతుంటాను. ఎక్కడ గంజాయి దొరికినా దాన్ని తూచాలి. పోలీసులకి జీపుంది, లాఠీ ఉంది, కాటా లేదు. అందుకని నా కాటాని జీపు ముందు సీట్లోనూ, నన్ను వెనక సీట్లోనూ ఎక్కించుకుపోతారు. ఏ స్టేషను వాళ్లో పేరు రాయను. రేపు కూడా నేను కొట్టు తెరవాలి.

మొదటిసారి జీపు వచ్చినప్పుడు నా భార్య సూర్యకాంతం శోకాలు పెట్టింది. రెండోసారి ఇస్త్రీ చొక్కా తెచ్చి ఇచ్చింది. మూడోసారికి సలహా కూడా ఇచ్చింది. "ఫొటోలో కాస్త ముందుకి నిలబడండి. కిందటిసారి మీ మొకం ఆ కానిస్టేబుల్ భుజం ఎనకాల ఉండిపోనాది. మా అక్క సూసి, మీ ఆయన ఏడీ అని అడిగినాది" అంది.

ముప్పై ఏళ్లు కందిపప్పు తూచాను. ఒక్కరైనా ఫొటో తీశారా? ఒక్క పేపరైనా వేసిందా?

సరే, నా సంగతి పక్కన పెట్టండి. ఈ చట్టం అమలు వల్ల మన ప్రాంతానికి జరిగిన మేలు ఒకటా, రెండా?

అరసవల్లిలో దర్శనం చేసుకుని బస్సులో వస్తున్న ఒక కుటుంబాన్ని తనిఖీలో దింపేశారు. సంచిలో ఎండబెట్టిన మునగాకు కనిపించింది. అది మునగాకేనని తేలడానికి మూడు గంటలు పట్టింది. ఆ అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడి ఆరేళ్లయిందట. "ఆ సంచి మా అత్తది" అంది కోడలు. "ఆకు కోసి ఎండబెట్టినాది మా కోడలే" అంది అత్త. మాట కలిసింది! ఏ కౌన్సెలింగ్ సెంటరు ఆరేళ్ల మౌనాన్ని మూడు గంటల్లో వదిలించగలదు?

గరివిడి దగ్గర లక్ష్మీనరసమ్మ గారి గోగు చేను సంగతి వినండి. మనం నార తీసే గోగు మొక్కా, గంజాయి మొక్కా చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఆకాశంలో తిరిగే డ్రోనుకి బంధుత్వాలు ఏం తెలుస్తాయి? ఇరవై మంది సిబ్బంది కొడవళ్లు పట్టుకుని దిగారు. అర ఎకరం కోశాక ఒక హోంగార్డు ఆకు నమిలి, "సార్, పుల్లగున్నాదండీ" అన్నాడు. అందరూ కొడవళ్లు కింద పెట్టేశారు. లక్ష్మీనరసమ్మ గారు గట్టు మీద నుంచి దండం పెట్టింది. "ఎలాగూ వచ్చినారు గదా బాబూ, ఆ మిగతా అరెకరం కూడా కోసీసి ఎల్లండి. కూలోలు దొరకతన్నారేటి?" అంది.

ఇక చదువు మాటకొస్తే, మా మనవరాలు పింకీ ఆరో తరగతి. నిరుటిదాకా దానికి గంజాయి అంటే ఏమిటో తెలియదు. లెక్కల పీరియడ్ మానిపించి ర్యాలీకి తీసుకెళ్లారు. తర్వాత గంజాయి నిర్మూలన మీద చిత్రలేఖనం పోటీ పెట్టారు. ఇప్పుడు మా పింకీ కళ్లు మూసుకుని గంజాయి ఆకు వేసేస్తుంది. ఏడు రెమ్మలు, అంచున రంపపు పళ్లు, ఎక్కడా తప్పు పోదు! మొదటి బహుమతి వచ్చింది. కరివేపాకు తెమ్మంటే మాత్రం ఇప్పటికీ వేపాకు కోసుకొస్తుంది.

ఇంత మేలు చేస్తున్న చట్టాన్ని మార్చాలట! శ్రీకాకుళంలో మందుల దుకాణం పెట్టుకున్న మా మేనల్లుడు ప్రదీప్ ఒక కాగితం పట్టుకుని ఊరంతా సంతకాలు అడుగుతున్నాడు.

"మావా, తాగీవోడికి వైద్యం సెయ్యాలి. మోసీవోడు ఎందుకు మోస్తన్నాడో కనుక్కోవాలి. పట్టుకోవలసినోడు సరుకు యజమాని. మన జైళ్లలో యజమాని ఒక్కడైనా ఉన్నాడేటి?"

పిల్లాడికి లోకజ్ఞానం తక్కువ. యజమానిని పట్టుకుంటే కేసు ఒక్కటే అవుతుంది. మోసేవాళ్లని పట్టుకుంటే వంద కేసులు, వంద ఫొటోలు, నాకు వందసార్లు కుర్చీ! ఏది గిట్టుబాటు?

పైగా యజమానిని పట్టుకోవడం అంత తేలికా? నేను ఇప్పటికి పదకొండు కేసులు తూచాను. పదకొండింట్లోనూ మొదటి ముద్దాయి పరారీలోనే ఉన్నాడు. ఒకడు టీ తాగి వస్తానని దిగాడు. ఒకడు ఫోన్ మాట్లాడుతూ దిగాడు. ఒకడు చెట్టు చాటుకి వెళ్లాడు, ఆ చెట్టుని కూడా తర్వాత రోడ్డు వెడల్పులో కొట్టేశారు, మనిషి మాత్రం కనిపించలేదు. దిగినవాడు మళ్లీ ఎక్కిన కేసు నేను చూడలేదు. బండిలో మిగిలేది డ్రైవరే.

ఈ చట్టంలో వ్యాపారస్తుడిగా నాకు బాగా నచ్చింది ఇరవై కేజీల లెక్క. ఇరవై లోపయితే బెయిలు అడుక్కోవచ్చు, శిక్ష తగ్గించమనీ అడుక్కోవచ్చు. ఇరవై దాటిందా, అది వ్యాపారం కిందికి వస్తుంది. కనీసం పదేళ్లు, బెయిలు దాదాపు లేనట్టే. ఎంత స్పష్టంగా ఉంది! మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కాటా చెప్పేస్తుంది.

దేవేంద్ర విషయంలో నా కాటాయే చెప్పింది.

దేవేంద్ర ఆటో నడిపేవాడు. ఇరవై నాలుగేళ్ల వయసు. వాళ్లమ్మ కూర్మమ్మ మా పక్క ఊళ్లో రెండెకరాలు పండిస్తుంది, ఇరవై ఏళ్లుగా ధాన్యం నాకే అమ్ముతుంది. రెండున్నరేళ్ల కిందట శ్రావణ మాసంలో, మిట్టమధ్యాహ్నం వానలో, రైల్వే స్టేషను దగ్గర ఒకాయన రెండు గోనె బస్తాలతో దేవేంద్ర ఆటో ఎక్కాడు. హైవే దాకా బేరం. హైవే మీద పోలీసుల్ని చూసి, సెల్ రీచార్జి చేయించుకుని వస్తానని ఆటో దిగాడు. ఇంకా చేయించుకుంటూనే ఉన్నాడు.

నాకు జీపు వచ్చింది. రెండు బస్తాలూ తడిసి ముద్దయి ఉన్నాయి. కాటా మీద పెట్టారు. ఇరవై కేజీల ఆరు వందల యాభై గ్రాములు చూపించింది. ఎస్సైగారు పెన్ను తీసి, "నగరేశ్వర్రావు గారూ, రాసేయమంటారా?" అన్నారు. "రాసేయండి" అన్నాను. పంచనామా మీద సంతకం పెట్టి, ఫొటోలో కాస్త ముందుకి నిలబడ్డాను.

ఇక్కడ మా వ్యాపారం గురించి ఒక ముక్క చెప్పాలి. మా దగ్గర గోనెకి రెండు పద్ధతులు. రైతు దగ్గర కొనేటప్పుడు గోనె బరువు తీసేస్తాం. దానితోపాటు తేమకి కొంత, తాలుకి కొంత తీసేస్తాం. దాన్నే తరుగు అంటాం. అదే సరుకు మేం బస్తాగా అమ్మేటప్పుడు గోనెతో సహా తూస్తాం. కొనేటప్పుడు ఒక చెయ్యి, అమ్మేటప్పుడు ఒక చెయ్యి. ఆ రోజు సరుకు సర్కారు వారికి అప్పగిస్తున్నాను కదా, నా చెయ్యి దానంతటదే అమ్మకం వైపు పోయింది. అలవాటు!

సాయంత్రం కొట్టుకొచ్చాక అనుమానం వచ్చింది. అలాంటిదే ఒక గోనె వానలో పెట్టి, తడిశాక తూచాను. ఏడు వందల గ్రాములు. రెండు గోనెలకి కేజీ నాలుగు వందలు. అంటే సరుకు పందొమ్మిదింపావు! ఇరవై దాటనే లేదు.

వెంటనే పరిగెత్తుకెళ్లి చెప్పానా? చెప్పలేదు. నగరేశ్వరరావు తూకం తప్పాడంటే మర్నాడు కొట్టుకి ఎవరొస్తారు? ఎస్సైగారి ముఖం ఎలా చూడను? ఇన్ని ఆలోచించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, దేవేంద్ర గురించి మాత్రం ఆ సాయంత్రం ఆలోచించలేదు.

తర్వాత ఆలోచించాను, అదీ వాడికి లాభమే జరిగిందని. బయట ఉంటే మన రోడ్ల మీద ఆటో నడిపి వెన్నుపూస అరగదీసుకునేవాడు. జైల్లో గుంతలు లేవు కదా! పెళ్లి సంబంధాల బెడద లేదు. ఉన్న ఒక్క సంబంధాన్నీ ఆడపెళ్లివారే వదులుకున్నారు. కరెంటు బిల్లు లేదు. నెలలు గడుస్తున్నకొద్దీ ఇలాంటి లాభాలు వెతుక్కుంటూ పడుకునేవాణ్ణి.

ఈ మాఘమాసంలో కూర్మమ్మ ధాన్యం తెచ్చింది. పన్నెండు బస్తాలు. నేను తూచాను. గోనెకి తీశాను, తేమకి తీశాను, తాలుకి తీశాను. ఆవిడ ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని చూసింది. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"సావుకారు బాబూ, కోపం రాదంటే ఒక మాట అడగతాను."

"అడగవమ్మా."

"నా ధాన్యానికి గోనె తీసినావు. తేమ తీసినావు. తాలు తీసినావు. మా గుంటడి బస్తాలకి ఏటీ తియ్యనేదంట, అదేటి బాబూ? ఆ దినం వాన కూడా పడతన్నాది గదా."

దెప్పిపొడుపు కాదండీ. నిజంగానే తెలియక అడిగింది. పెద్ద వ్యాపారిని కదా, దానికేదో వేరే పద్ధతి ఉండి ఉంటుందనుకుంది. నేను గుడ్డ తీసి కాటా పళ్లెం తుడిచాను. అది శుభ్రంగానే ఉంది.

ఫాల్గుణంలో కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. దేవేంద్ర తరఫు లాయరు అనూరాధ గారు సరుకు మళ్లీ తూయించమని అడిగారట. సరుకేది? మిగతా కేసుల సరుకుతోపాటు ఎప్పుడో పద్ధతి ప్రకారం తగలబెట్టేశారు. గోనెలు కూడా అందులోనే పోయాయి. అంటే ఈ భూమ్మీద ఆ రెండు గోనెల బరువు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

వాయిదాకి ముందు రోజు ఎస్సైగారు కొట్టుకొచ్చి గోలీసోడా తాగారు. "కంగారు పడకండి. తూచాను, సంతకం నాదే, అని రెండు ముక్కలు చెప్పి దిగిపోండి. అంతకంటే ఎవరూ అడగరు" అన్నారు. ఎంత ఆప్యాయంగా అన్నారో! సూర్యకాంతం చొక్కా ఇస్త్రీ చేస్తూ అంతా వింది. ఆయన వెళ్లాక, "కూర్మమ్మ నిన్న కూడా వచ్చి అరుగు మీద కూకుని ఎల్లిపోనాది. ఏటీ అడగనేదు. నాకు అన్నం దిగలేదండీ" అంది.

కోర్టులో దేవేంద్ర ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడ్డాడు. చొక్కా వదులైపోయింది. నన్ను చూసి అలవాటుగా నమస్కారం పెట్టాడు. నేను బోనెక్కాను.

అనూరాధ గారు ఒక్కటే అడిగారు. "గోనె తీసి తూచారా, గోనెతో సహా తూచారా?"

ఎస్సైగారు ఫ్యాను వైపు చూస్తున్నారు. కూర్మమ్మ నా వైపు చూస్తోంది.

"గోనెతో సహానండీ. తడిసిన గోనె ఒక్కోటి ఏడు వందల గ్రాములు. రెండింటికీ కేజీ నాలుగు వందలు."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "ముప్పై ఏళ్ల వ్యాపారస్తులు మీరు. గోనె బరువు తీయాలని తెలియదా?"

"తెలుసండయ్యా."

"మరి ఎందుకు తీయలేదు?"

ఇంటి దగ్గర తయారు చేసుకున్న జవాబులన్నీ ఎగిరిపోయాయి. ఉన్నదే నోట్లోంచి వచ్చేసింది. "రైతు దగ్గర తీస్తే లాభం మాదండయ్యా. ఇక్కడ తీస్తే లాభం ఆ కుర్రాడిది. అవతలివాడి లాభానికి గోనె తియ్యడం మాకు అలవాటు లేదండి."

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు.

తొమ్మిది రోజులకి దేవేంద్రకి బెయిలు వచ్చింది. లోపల ఉన్నది మొత్తం ముప్పై ఒక్క నెలలు. కేసు ఇంకా నడుస్తోంది. సెల్ రీచార్జికి వెళ్లిన పెద్దమనిషి ఇంకా పరారీలోనే ఉన్నాడు. ఆయన ఏ కాటా ఎక్కలేదు కాబట్టి ఆయన బరువు ఎవరికీ తెలియదు.

పాఠకులారా! చట్టం మార్చాలో వద్దో పెద్దవాళ్లు ఢిల్లీలో తేల్చుకుంటారు. నా మనవి ఒక్కటే. ఎవరినైనా పదేళ్లకి లోపల పెట్టే ముందు గోనె తీసి తూయించండి. తీయడం రాకపోతే మా కొట్టుకి రండి, దగ్గరుండి నేర్పుతాను. ఇరవై ఏళ్లుగా కూర్మమ్మ ధాన్యానికి ఒక్క గ్రాము వదలకుండా తీసిన చెయ్యి నాది.